ఫోను చల్లబడాలి

శుక్రవారం సాయంత్రం. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో, మనవాళ్ల మాటలో చెప్పాలంటే ‘సనాయ’లో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన గాజు బల్ల మీద రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టించుకుని అరగంటగా నిలబడే ఉన్నాడు. ఒకటి తొమ్మిది వందల రియాళ్లది, రెండోది ఆరు వందల యాభైది. నాలుగు రోజుల్లో సెలవు మీద ఊరికి పోతున్నాడు. పాలిటెక్నిక్ చదివే కొడుకు వాయిస్ మెసేజ్‌లో పంపిన చిట్టా ఆయనకు కంఠతా వచ్చేసింది: ర్యామ్ ఎనిమిది జీబీ, స్టోరేజీ రెండు వందల యాభై ఆరు, గేమ్‌లు ఆగొద్దు. చిట్టా ప్రకారమైతే పెద్దది కొనాలి. జేబు ప్రకారమైతే చిన్నది. చివరికి కొడుకు మాటే నెగ్గింది.

నోట్లు లెక్కపెట్టడానికి ఆయన తన సొంత ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. తెర నిండా సాలెగూడులా పగుళ్లు. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. బల్ల మీద ఫోను సమంగా ఆనలేదు, మధ్యలో కాస్త ఎత్తుగా ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బింది.

“అన్నా, నీది గూడ మార్చుకోరాదే?” అన్నాను.

“నాదానికేమైంది తమ్మీ. పిల్లల మొకం కనవడ్తుంది, మాట ఇనవడ్తుంది. గంతే గదా గావాల్సింది.” కాసేపాగి దుకాణం కుర్రాణ్ని హిందీలో అడిగాడు, ఎండకు బందు కాని ఫోను ఏదన్నా ఉందా అని.

మలయాళీ కుర్రాడు నవ్వాడు. “అలాంటిది ఇంకా తయారు కాలేదు భాయ్.”

నేను బతికేది కంప్యూటర్ల మీదే. ఒక ఆఫీసులో యంత్రాలు మొరాయిస్తే పిలిచేది నన్నే. కొత్త ఫోను వచ్చిన రోజు యూట్యూబులో కూర్చుని సమీక్షలన్నీ చూసే అలవాటూ ఉంది. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు, అంచులు టైటానియమా అల్యూమినియమా, ఈ చిప్పు గొప్పదా ఆ చిప్పు గొప్పదా అని గంటలకు గంటలు వాదించుకుంటారు. ఈయన అడిగిన ప్రశ్న అక్కడ నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఖతర్‌లో ఏడెనిమిది లక్షల మంది భారతీయులున్నారు. అందులో నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కడప, కోనసీమ వాళ్లు ఎంతమందో. వాళ్లలో ఎక్కువమందికి కంప్యూటర్ అంటే ఈ ఫోనే. బ్యాంకు, తపాలా, రేడియో, సినిమా హాలు, పడక పక్కన పిల్లల ఫొటో అన్నీ అదే. ఇంత నమ్మకంగా, ఇంత పొదుపుగా, ఇన్నేళ్లు వాడే గిరాకీదారు ఈ పరిశ్రమకు మరొకడు దొరకడు. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎవరైనా ఒక్క వస్తువు తయారు చేశారా అన్నది నా అనుమానం.

ఫోను డబ్బాలో వచ్చే చిన్న కాగితాన్ని ఎవరూ చదవరు కానీ, ఒకసారి చదివితే బాగుంటుంది. చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే వాడుకోండి అని యాపిల్ తన ఐఫోన్ల గురించి చెబుతుంది. మిగతా కంపెనీల మాటా దాదాపు ఇంతే. దోహాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40 దాటడం వార్త కాదు, 45 కూడా వార్త కాదు. ఏటా జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని సర్కారు నిబంధన. ఆ వేళల్లో మనిషికి నీడ దొరుకుతుంది. ఫోను మాత్రం ప్యాంటు జేబులో చెమటకు తడుస్తూనో, ఆపి ఉంచిన బస్సులో కిటికీ పక్కన సంచిలోనో ఉంటుంది.

వేడెక్కిన ఫోను తనను తాను కాపాడుకోవడానికి ఒక వరస పాటిస్తుంది. ముందు తెర వెలుగు తగ్గిస్తుంది. తర్వాత చార్జింగ్ ఎక్కించుకోదు. అప్పటికీ చల్లబడకపోతే తెర నల్లగా చేసి, థర్మామీటరు బొమ్మ చూపించి, చల్లబడే దాకా ఆగమంటుంది. లిథియం బ్యాటరీకి వేడి అంటే వయసు. అదే బ్యాటరీ హైదరాబాద్‌లో ఏసీ గదిలో బతికినన్నాళ్లు సనాయలో బతకదు. ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కి రబ్బరు బ్యాండు వేసి వాడటం ప్రమాదం. అది ఆయనకు చెప్పాను. “తెలుసు తమ్మీ, సెలవు పోయొచ్చినంక చూస్త” అన్నాడు.

సైట్ల మీద దీనికి ఎవరి ఉపాయాలు వాళ్లకున్నాయి. తడి తువ్వాలు చుట్టి టిఫిను సంచిలో పెట్టేవాళ్లు కొందరు. బస్సెక్కగానే ఏసీ గాలి తగిలే చోట అరచేతిలో ఎత్తి పట్టుకుని కూర్చునేవాళ్లు ఇంకొందరు. మంచినీళ్ల ఐసు డబ్బాలో పెట్టేవాళ్లనూ చూశాను. అది మాత్రం వద్దు, లోపల చెమ్మ పట్టి ఉన్న ఫోనూ పోతుంది. మధ్యాహ్నం ఇంటికి మాట్లాడటానికి దొరికేదే పావుగంట. అందులో సగం ఫోను చల్లబడటానికే పోతుంది.

ఇది దోహా గొడవ మాత్రమే అయితే ఒక ఎడారి దేశం సంగతి అనుకోవచ్చు. మే నెలలో రామగుండమో రెంటచింతలో తీసుకోండి. అక్కడ పొలం గట్టు మీద నిలబడి ఫోనులో మార్కెట్ ధర చూసుకునే రైతూ ఆ 35 గీతకు అవతలే ఉన్నాడు. ఆ కాగితం రాసిన వాళ్లు ఏ ఊళ్లో కూర్చుని రాశారో గానీ, మన వేసవిని లోకంలోంచి తీసేశారు.

ఇలాంటి మనుషుల్ని తలుచుకుని ఫోను తయారు చేసిన రోజు ఒకటి లేకపోలేదు. 2003లో వచ్చిన నోకియా 1100 గుర్తుందా? దుమ్ము లోపలికి పోకుండా మీటల మీద ఒకే రబ్బరు తొడుగు, చేతిలోంచి జారకుండా గరుకు పక్కలు, నెత్తిన టార్చిలైటు. కరెంటు పోయే ఊళ్ల కోసం, దుమ్ములో పని చేసే చేతుల కోసం ఆలోచించి చేసిన వస్తువు అది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పేదవాడి కోసం చేస్తే గిట్టుబాటు కాదనే వాళ్లకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి? గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి అట్టపెట్టెలోనూ ఒకటో రెండో ఉండేవి. మా ఇంట్లో ఒకటి ఇప్పటికీ ఉంది. చార్జరు దొరకడం లేదు గానీ, దొరికితే వెలుగుతుందనే నా నమ్మకం.

ఇక దుకాణంలో ఆయన ‘మాట ఇనవడ్తుంది’ అన్నాడే, అది సగం నిజమే.

2018 మేలో ఖతర్ టెలికాం సంస్థ ఊరీడూ ప్రపంచంలోనే మొట్టమొదటి వాణిజ్య 5జీ నెట్‌వర్క్ మాదేనని ప్రకటించుకుంది. తమాషా ఏమిటంటే, ఆ రోజుకి దాన్ని అందుకోగల ఫోను ఏ దుకాణంలోనూ లేదు. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరిగిన 2022 నవంబరులో నెట్ వేగం కొలిచే ఊక్లా వాళ్లు లెక్క తీస్తే మొబైల్ ఇంటర్నెట్ వేగంలో ఖతర్‌ది మొదటి స్థానం. అంత వేగం ఉన్న దేశంలో వాట్సాప్‌లో ఫొటో పంపొచ్చు, వీడియో పంపొచ్చు, పెళ్లి క్యాసెట్టంత సినిమా పంపొచ్చు. కాల్ చేస్తే మాత్రం చాలాసార్లు అవతల మోగదు. మోగినా మాట వినపడదు. 2017 నుంచి వాట్సాప్, ఫేస్‌టైమ్ కాల్స్‌కు ఇదే గతి. ఏ వారం పనిచేస్తుందో, ఏ వారం పనిచేయదో చెప్పలేం.

ఖతర్‌లో కొత్తగా దిగినవాళ్లు మొదట ఫోను పాడైందనుకుంటారు. సెట్టింగులన్నీ తిరగేస్తారు, సిమ్ తీసి మళ్లీ పెడతారు. ఫోనుకి ఏ రోగమూ లేదు. ఇంటర్నెట్ మీద మాటలు మోసే వ్యాపారానికి ఇక్కడ అనుమతి కావాలి, ఆ అనుమతి ఇచ్చేది టెలికాం నియంత్రణ సంస్థ. ఊరీడూలో సగానికి పైగా వాటా సర్కారు చేతిలోది. రెండో కంపెనీ వోడాఫోన్ ఖతర్‌లోని తన వాటాను బ్రిటన్ వోడాఫోన్ 2018లో ఖతర్ ఫౌండేషన్‌కు అమ్మేసింది. విదేశీ కాల్ నిమిషాల మీద వచ్చే రాబడి ఎవరి గల్లాలోకి పోతుందో చెప్పనక్కర్లేదు. సౌదీ ఇలాంటి ఆంక్షల్ని 2017 సెప్టెంబరులో చాలావరకు సడలించింది. దాని టెలికాం కంపెనీలు దివాలా తీయలేదు.

మూసిన తలుపు పక్కన సందు ఉండనే ఉంటుంది. ఇమో అనే యాప్ హైదరాబాద్ గచ్చిబౌలిలో ఎవరి ఫోనులోనూ కనపడదు. జగిత్యాలలో, రాయచోటిలో మాత్రం ప్రతి ముసలమ్మకీ తెలుసు. నెట్ బలహీనంగా ఉన్నా ముఖం చూపిస్తుంది. బోటిమ్ ఇంకొకటి. అవీ మొరాయించిన రోజున వీపీఎన్. ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఉచిత వీపీఎన్ అంటే మన ఫోను మాటలన్నీ ముక్కూ మొహం తెలియని ఒకడి ఇంటి మీదుగా పంపడం. అదే ఫోనులో బ్యాంకు యాప్ ఉంది, జీతం మెసేజ్ ఉంది, పాస్‌పోర్టు ఫొటో ఉంది. చట్టం దృష్టిలోనూ అది చిక్కే. భార్యతో పది నిమిషాలు మాట్లాడటానికి ఒక మేస్త్రీ ఇంత పణం పెట్టాల్సిన అవసరం ఏముంది? భద్రత కోసమే ఈ కట్టడి అనేవాళ్లున్నారు. నాకు తెలిసినంతలో ఈ కట్టడి వల్ల దెబ్బతిన్న మొదటి భద్రత ఆ మేస్త్రీదే.

అయితే ఈ అడ్డంకి అనుకోకుండా ఒక పాత వస్తువుని తిరిగి తెచ్చింది. ఎనభైల్లో, తొంభైల్లో గల్ఫ్ నుంచి ఊళ్లకు క్యాసెట్ ఉత్తరాలు వచ్చేవి. చదువు రానివాళ్లు, చదువు వచ్చినా రాయడానికి మనసు రానివాళ్లు టేప్ రికార్డరు ముందు కూర్చుని గంటసేపు మాట్లాడి, ఆ క్యాసెట్టు ఊరికి పోయేవాళ్ల చేత పంపేవారు. ఇప్పుడు కాల్ పోదు, వాయిస్ మెసేజ్ పోతుంది. 2013లో వాట్సాప్ ఆ సదుపాయం పెట్టినప్పుడు దీని గురించి ఆలోచించి ఉండరు.

పది మంది పడుకునే గదిలోకి రాత్రి తొమ్మిదింటికి వెళ్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. పైమంచం మీద ఒకడు కంబళి నిండా కప్పుకుని ఉంటాడు. కంబళి లోపల నీలం వెలుగు. బొటనవేలు మైకు బొమ్మ మీద నొక్కిపెట్టి, గొంతు తగ్గించి మాట్లాడుతుంటాడు. రెండు నిమిషాలు మాట్లాడి వేలు తీసి, అవతలి నుంచి రెండు నీలం గీతలు వచ్చేదాకా చూస్తాడు. తర్వాత చెవికి ఆనించుకుని వింటాడు. ఇంటి నుంచి వచ్చిన ఆ మాటల వెనక కోడి కూత, మోటారు చప్పుడు, ఎవరో పిల్లాడు ‘నేను మాట్లాడత’ అని గుంజుకోవడం అన్నీ ఉంటాయి. మళ్లీ మొదటి నుంచి వింటాడు. మళ్లీ.

క్యాసెట్టు కాలంతో పోలిస్తే ఒక మేలు జరిగింది, ఒప్పుకోవాలి. క్యాసెట్టు వచ్చిందంటే వాకిట్లో టేప్ రికార్డరు పెట్టి అత్తామామలు, తోటికోడళ్లు, పక్కింటివాళ్లు అందరూ కలిసి వినేవారు. భార్యకంటూ ఒక్క మాట అందులో ఉండేది కాదు, ఉన్నా చెప్పే ధైర్యం ఆయనకుండేది కాదు. జవాబు రికార్డు చేసేటప్పుడూ చుట్టూ జనమే. ఇప్పుడు ఆమె ఫోను ఆమె చేతిలో ఉంది. బాయి కాడికి పోయి, ఎవరూ లేని చోట నిలబడి, అనాల్సింది అనగలుగుతోంది. కొట్లాడగలుగుతోంది కూడా. వందల కోట్లు పోసి కనిపెట్టిన సంగతులెన్నో ఉండొచ్చు. మా జిల్లాల్లో ఇంతకు మించి పనికొచ్చిందేదో నాకైతే తోచదు.

ఫోను సౌకర్యంగా ఉన్నంతకాలం సరే. తప్పనిసరి అయినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. 2020 మార్చి 17న సనాయలో 1 నుంచి 32 వరకు వీధుల్ని కరోనా పేరుతో మూసేశారు. మే 22 నుంచి ‘ఎహ్తెరాజ్’ అనే యాప్ ఫోనులో లేకుండా గడప దాటకూడదన్నారు. లేకపోతే మూడేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల రియాళ్ల దాకా జరిమానా. అప్పటికి కనీస వేతనం చట్టమే పూర్తిగా అమల్లోకి రాలేదు. 2021 మార్చిలో వచ్చినప్పుడు అది నెలకు వెయ్యి రియాళ్లు. రెండు లక్షలంటే ఎన్నేళ్ల జీతమో మీరే లెక్కేసుకోండి. పాత ఫోన్లలో ఆ యాప్ ఎక్కలేదు. ఎక్కినా ఫొటోలు చూస్తానంది, కాల్స్ చేస్తానంది. అదే వారంలో ఆమ్నెస్టీ సంస్థ దానిలో ఒక కంత బయటపెట్టింది. పది లక్షల మందికి పైగా జనం పేర్లు, గుర్తింపు నంబర్లు, ఆరోగ్య స్థితి దానిలోంచి బయటకు పోయే వీలుందని తేల్చింది. సర్కారు వెంటనే పూడ్చింది, అది నిజం. ఫోను లేనివాడికి, పాతది ఉన్నవాడికి బయటికెళ్లే హక్కు ఏమైందన్న ప్రశ్నకు మాత్రం యాప్ అప్‌డేట్‌లో జవాబు రాలేదు.

ఇప్పుడు ఎహ్తెరాజ్ లేదు. అయినా ఫోను మరిన్ని చోట్ల పాతుకుపోయింది. 2015 నవంబరు నుంచి జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న నిబంధన ఉంది కాబట్టి, జీతం పడిందో లేదో చెప్పేది ఫోను మెసేజే. కంపెనీతో తగాదా వస్తే సాక్ష్యమూ అదే. ఆ మెసేజ్‌లను చెరపొద్దని, ఫోను మార్చేటప్పుడు ముందు వాటిని ఎవరికైనా పంపి దాచుకోమని నేను అందరికీ చెబుతుంటాను. నివాస అనుమతి, ట్రాఫిక్ జరిమానా, చిరునామా లాంటివి చూసుకోవాలంటే హోం శాఖవారి మెట్రాష్ యాప్. కొత్త యాప్ రాకముందు మెట్రాష్2 ఆరు భాషల్లో ఉండేది: అరబ్బీ, ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, ఉర్దూ, మలయాళం. తెలుగు లేదు. హైదరాబాద్ వాళ్లు ఉర్దూతో నెట్టుకొచ్చారు. మిగతావాళ్లు గదిలో ఉన్న మలయాళీని ‘చేట్టా’ అని పిలిచి చేయించుకున్నారు. మలయాళం ఊరికే రాలేదు. వాళ్లు సంఖ్యలో ఉన్నారు, అడగడమూ తెలుసు. మనం సంక్రాంతికి, బతుకమ్మకు హాలు నింపుతాం. 2024 నవంబరులో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు కూడా దోహాలోనే జరుపుకున్నాం. ఒక యాప్‌లో మన భాష పెట్టండని అడగడం అంతకన్నా కష్టమేమీ కాదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లను కూలదోసింది. మన ‘జ్ఞా’యే. మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి వస్తే దాన్ని ఎలా గీయాలో తెలియక ఫోను కుప్పకూలేది. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే యాప్ మూతబడేది, మళ్లీ తెరుచుకునేది కాదు. ఆకతాయిలు దాన్ని ఒకరికొకరు పంపుకుని ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 పేరుతో మందు వేసింది. చాలామంది దాన్ని నవ్వులాటగా చూశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎనిమిది కోట్ల మంది రాసుకునే లిపిలోని అక్షరాన్ని ఫోను అమ్మకానికి పెట్టే ముందు సరిగ్గా రాయించి చూసినవాడు లేడన్నమాట. ఒక్క తెలుగు మనిషిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. ఆ కంపెనీల్లో మనవాళ్లకు కరువా?

గల్ఫ్ ఈ విషయంలో మనకన్నా ముందే మేలుకుంది. 1982లో కువైట్‌లో మహమ్మద్ అల్ షారెఖ్ ‘సఖర్’ అనే సంస్థ పెట్టాడు. జపాన్ ఎంఎస్ఎక్స్ కంప్యూటర్లకు అరబ్బీ నేర్పించి అమ్మాడు. ఇక్కడ నలభై, యాభై ఏళ్ల అరబ్బులను కదిపితే చిన్నప్పుడు ఆట ఆడిన మొదటి కంప్యూటర్‌గా సఖర్ పేరే చెబుతారు. కీబోర్డు మీద తమ అక్షరాలు, తెర మీద తమ భాష. 1990లో ఇరాక్ దాడితో ఆ సంస్థ కైరోకు తరలిపోయింది. షారెఖ్ 2024లో కన్నుమూశాడు. అదే ఏడాది డిసెంబరులో ఖతర్ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ ‘ఫనార్’ అనే అరబ్బీ కృత్రిమ మేధను బయటపెట్టింది. పుస్తకాల అరబ్బీయే కాదు, వీధిలో మాట్లాడే యాసలు కూడా దానికి తెలియాలన్నది వాళ్ల పట్టుదల. సొంత పౌరులు నాలుగు లక్షలు దాటని దేశం చేసిన పని ఇది. మన దగ్గర స్వేచ్ఛ లాంటి సంస్థలు ఓపిగ్గా ఊరూరా తెలుగు మాటలు పోగుచేస్తున్నాయి, వాళ్లకు దండం పెట్టాలి. కానీ జగిత్యాల మనిషి కంబళి కింద మాట్లాడిన మాటను తప్పు లేకుండా రాసిపెట్టే ఫోను నా చేతిలోకి ఇంకా రాలేదు. ‘మొకం కనవడ్తుంది’ అంటే నా ఫోను ఏమని రాసిందో చెబితే మీరు నమ్మరు.

గేమ్‌ల గురించి రాయకపోతే ఆ పాలిటెక్నిక్ పిల్లాడు ఊరుకోడు. దోహాలో ధనికుల పిల్లలకు దోహా ఫెస్టివల్ సిటీలో వర్చువోసిటీ లాంటి ఆటల ప్రాంగణాలున్నాయి, పెద్ద తెరలు, పోటీలు, బహుమతులు. మన గదుల్లో ఆట అంటే లూడోయే. ముంబయి కంపెనీ 2016లో తెచ్చిన లూడో కింగ్. కింది మంచం మీద ఒక ఫోను వెల్లకిలా పెట్టి నలుగురు చుట్టూ కూర్చుంటారు. నెట్ అక్కర్లేదు, నాలుగు ఫోన్లక్కర్లేదు. కాయ చచ్చినవాడు రేపటి టీకి బాకీ. పనివాడికి పనికొచ్చే ఆట ఎలా ఉండాలో చెప్పమంటే నేను దాన్నే చూపిస్తాను. దాని పక్కనే ఇంకో రకం ఉంది. రమ్మీ, క్రికెట్ పందాలు. రాత్రికి రాత్రి జీతం తినేస్తాయి. తెలంగాణ 2017లోనే, ఆంధ్ర 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. కేంద్రం 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం తెచ్చింది. చట్టం ఊళ్లో ఉంటుంది, ఫోను దోహాలో ఉంటుంది. గదిలో ఎవడైనా రాత్రి రెండింటికి ఒంటరిగా తెర చూస్తూ చెమటలు పడుతుంటే పక్క మంచంవాడే పలకరించాలి.

2024 ఫిబ్రవరిలో వెబ్ సమ్మిట్ అనే టెక్నాలజీ సదస్సు మొదటిసారి దోహాకు వచ్చింది. 15 వేల మందికి పైగా వచ్చారు. కొత్త కంపెనీల కోసం 100 కోట్ల డాలర్ల నిధి ప్రకటించారు. ఆ మాటలు నేనూ విన్నాను. తెలివైన మాటలే. అక్కడికి మెట్రోలో అరగంట దూరంలో, నజ్మా దగ్గర సూక్ అల్ హరాజ్ అనే పాత సామాన్ల బజారు ఉంది. నా దృష్టిలో పరిశ్రమ ఎటు పోతోందో తెలుసుకోవడానికి అదే సరైన చోటు. బీటెక్ చేరిన కూతురి కోసం వాడేసిన ల్యాప్‌టాప్ వెతుక్కునే తండ్రులు అక్కడ కనిపిస్తారు. మెరుస్తూ ఉంటుంది, ధర తక్కువ. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత చిప్పు ఉన్న యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. యంత్రం బాగానే పనిచేస్తుంది, దాన్ని చంపేసింది కాగితం మీద గీసిన గీత. కొనేటప్పుడు చిప్పు పేరులో ఐ5 తర్వాత ఉన్న అంకెలు చూడండి. 8, 9, 10 లేదా ఆ పై సంఖ్యతో మొదలైతే కొనండి. 6, 7 అంటే ఆలోచించండి. ఐరోపాలో 2027 ఫిబ్రవరి నుంచి కొత్త ఫోన్ల బ్యాటరీలు సులువుగా మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. రబ్బరు బ్యాండు వేసుకున్న ఆయనకు ఆ చట్టం ఇక్కడ ఉంటే ఎంత బాగుండేది.

మళ్లీ ఆ దుకాణంలోకి వెళ్లే ముందు ఒక మాట.

గల్ఫ్ నుంచి వచ్చే అట్టపెట్టెకు మన ఊళ్లలో ఉన్న పరువు అంతా ఇంతా కాదు. తాళ్లతో బిగించి, మార్కరుతో పెద్దక్షరాల్లో పేరు, ఊరు రాసి, విమానాశ్రయం నుంచి జీపు మీద ఎక్కించుకొస్తే వాడకట్టంతా వచ్చేది. మొదట్లో టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు, తర్వాత వీసీఆర్, ఆ తర్వాత నోకియాలు, పలక టీవీలు. 2013 ఆగస్టు 26 నుంచి టీవీల మీద 36 శాతం పైచిలుకు సుంకం వేశాక టీవీ డబ్బాలు తగ్గాయి. మిగిలింది ఫోను ఒక్కటే. ‘దోహా ఫోను’ అంటే ఇప్పటికీ ఒక గౌరవం.

ఈలోగా లోకం తిరగబడింది. 2015 ఆగస్టులో ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షియోమీ ఫోన్లు తయారు చేయడం మొదలుపెట్టింది. బల్లల ముందు కూర్చుని వాటిని బిగించింది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. 2017లో బెంగళూరులో ఐఫోన్ తయారీ మొదలైంది. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు నుంచి విదేశాలకు పోతోంది. హైదరాబాద్ పక్కన కొంగరకలాన్‌లో ఎయిర్‌పాడ్స్ చేస్తున్నారు. మన ఫోన్లను పెద్ద ఎత్తున కొనుక్కునే దేశాల్లో పక్కనే ఉన్న ఎమిరేట్స్ ఒకటి.

దుకాణంలో డబ్బు కట్టాక ఆయన డబ్బా నా చేతికిచ్చి, “అంతా మంచిగున్నదా సూడు తమ్మీ” అన్నాడు. తిప్పి చూశాను. వెనక చీటీ మీద చిన్న అక్షరాల్లో ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంది. చదివి చెప్పాను. కాసేపు నమ్మలేదు.

“అంటే మనదాన్నే ఈడ గొని మళ్ల మనూరికి మోస్కపోతున్ననా?”

అవునన్నాను. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం, ఊళ్లో పాడైతే బాగు చేయించుకోవడం కష్టమని కూడా చెప్పాను. అయినా డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. పిల్లాడు దోహా ఫోనే కావాలన్నాడట, దోస్తులకు చెప్పుకున్నాడట.

ఇది చదివేవాళ్లలో గల్ఫ్‌లో తండ్రో, అన్నో, భర్తో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. ఈసారి సెలవుకు వస్తూ ఏం తేవాలని అడిగితే ఫోను పేరు చెప్పకండి. మీకు కావాల్సింది జగిత్యాల బస్టాండు దగ్గరే దొరుకుతుంది. ఆ డబ్బుతో ఆయన్నే ఒకటి కొనుక్కోమనండి. ఆయన ఫోను బ్యాటరీ ఉబ్బి ఉంది.